మెదడు కణితుల రేడియోథెరపీ ప్రణాళికలో స్కానింగ్

మెదడు కణితికి రేడియేషన్ ఇచ్చే ముందు అది ఎక్కడ పడాలి, ఎంత మేర పడాలి, ఏ దిక్కుల నుంచి రావాలి, దారిలో వేటిని తప్పించాలి అన్నవన్నీ స్కానింగ్ బొమ్మల మీద గీసి లెక్కకడతారు. దీనికి రేడియోథెరపీ ప్రణాళిక అని పేరు. ఆసుపత్రుల్లో ప్లానింగ్ అనే అంటారు. ఊళ్లలో ‘కరెంటు పెట్టించుకోవడం’ అని చెప్పుకునే ఆరు వారాల చికిత్స మొదలయ్యే ముందు, రోగి ఇంటికి వెళ్లిపోయాక, కంప్యూటరు దగ్గర జరిగే పని ఇది. రేడియాలజిస్టు బొమ్మను చదివి పెడతారు, రేడియేషన్ ఆంకాలజిస్టు గీతలు గీస్తారు, మెడికల్ ఫిజిసిస్టు మోతాదు లెక్క వేస్తారు.

నేటి లీనియర్ యాక్సిలరేటర్లు కిరణాన్ని అనుకున్న చోటికి దాదాపు మిల్లీమీటరు తేడాలో చేర్చగలవు. అదే కణితిని ఇద్దరు నిపుణుల చేత విడివిడిగా గీయిస్తే గీతల మధ్య తేడా అంతకన్నా ఎక్కువే వస్తుంది. యంత్రానికి గురి కుదిరింది గానీ, కణితి ఎక్కడ ఆగిపోతుందన్న ప్రశ్నకు ఏ ఒక్క స్కానూ పూర్తి జవాబు చెప్పదు. సీటీ ఒక సంగతి చెబుతుంది, ఎంఆర్‌ఐ మరొకటి, పెట్ ఇంకొకటి. వాటిని పక్కపక్కన పెట్టుకుని, కనిపించని భాగాన్ని అంచనా వేసి గీత గీయవలసింది వైద్యుడే. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ గీతకే దక్కుతుంది.

పుర్రె లోపలికి చూపు

1895లో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాక పుర్రె ఎముక కనబడింది గానీ, లోపలి మెదడు కనబడలేదు. 1918లో అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ మెదడు జఠరికల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోకి కాంట్రాస్టు మందు పంపి మెదడు రక్తనాళాలను చూపించాడు. రెండు పద్ధతుల్లోనూ కణితి నేరుగా కనబడదు. జఠరిక పక్కకు ఒరిగిందా, నాళం వంగిందా అని చూసి, దాన్ని నెట్టినదేదో అక్కడ ఉందని ఊహించాలి. ఊహను పట్టుకుని సన్నగా గురి పెట్టడం ప్రమాదం కనుక, కుడి ఎడమల నుంచి రెండు ఎదురెదురు కిరణాలతో మొత్తం మెదడుకే రేడియేషన్ ఇచ్చేవారు. ఆ మొరటు పద్ధతికీ ఫలితం లేకపోలేదు. 1978లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో, తీవ్రమైన గ్లియోమాలున్న (మెదడులోని ఆసరా కణాల నుంచి పుట్టే కణితులున్న) రోగుల మధ్యస్థ జీవితకాలం శస్త్రచికిత్సతో సరిపెట్టినవారిలో 14 వారాలు కాగా, రేడియోథెరపీ కూడా తీసుకున్నవారిలో సుమారు 35 వారాలు. అయితే దానికి చెల్లించిన మూల్యం ఆరోగ్యంగా ఉన్న మెదడంతా.

1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళ తలకు తొలి సీటీ స్కాను తీశారు. ఆమె మెదడు ముందు భాగంలో కణితి ఉందన్న అనుమానం ఉంది. యంత్రాన్ని రూపొందించింది ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులే ఉన్నా కణితి అందులో కనబడింది. ఈ పనికి 1979లో నోబెల్ బహుమతిని హౌన్స్‌ఫీల్డ్, గణితం వైపు నుంచి ఇదే సమస్యను ఛేదించిన అలన్ కార్మాక్ పంచుకున్నారు. సీటీ తొలి రోగి మెదడు కణితి రోగే కావడం యాదృచ్ఛికం కాదు. ఎముక పెట్టెలో దాగిన ఈ అవయవాన్ని చూడలేకపోవడమే అప్పటి వైద్యానికి పెద్ద లోటు.

ఎంఆర్‌ఐకి దారి వేసిన పాల్ లాటర్‌బర్ ప్రయోగం 1973లో ప్రచురితమైంది. పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిసి ఆయనకు 2003లో నోబెల్ వచ్చింది. మెదడు కణితుల వైద్యుల దృష్టిలో అంతే పెద్ద మలుపు 1988. ఆ ఏడాది గాడోలినియం కాంట్రాస్టు మందుకు అమెరికాలో అనుమతి లభించింది.

సీటీ: లెక్కకు పునాది

ఎంఆర్‌ఐ అంత స్పష్టంగా మెదడును చూపుతున్నా ప్రణాళిక ఇప్పటికీ సీటీతోనే మొదలవుతుంది. దానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. సీటీలోని ప్రతి గడికీ ఒక అంకె ఉంటుంది. నీటికి 0, గాలికి -1000, గట్టి ఎముకకు వెయ్యి, ఆపైన. ఈ హౌన్స్‌ఫీల్డ్ అంకెల నుంచి ఆ చోట ఎలక్ట్రాన్ల సాంద్రత ఎంతో తెలుస్తుంది. కిరణం ఎక్కడ ఎంత శక్తిని వదులుతుందన్నది ఆ సాంద్రతను బట్టే ఉంటుంది. ఎంఆర్‌ఐ కొలిచేది హైడ్రోజన్ కేంద్రకాల స్పందనను. దానికీ ఎలక్ట్రాన్ సాంద్రతకూ నేరుగా లంకె లేదు. పైగా ఎంఆర్‌ఐలో గట్టి ఎముక, గాలి రెండూ నల్లగానే కనబడతాయి. కిరణాన్ని బాగా అడ్డేదీ అసలు అడ్డనిదీ ఒకే రంగులో ఉన్న బొమ్మతో మోతాదు లెక్కకట్టడం కుదరదు.

ప్లానింగ్ సీటీకి ముందు వేడినీటిలో మెత్తబడే ప్లాస్టిక్ వల లాంటి షీటును ముఖం మీద అద్ది మాస్కు తయారుచేస్తారు. అది చల్లారి బిగుసుకున్నాక రోగి రోజూ అదే భంగిమలో పడుకోగలుగుతాడు. సాధారణంగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల మందంలో ముక్కలు తీస్తారు. రేడియోసర్జరీకి 1 మిల్లీమీటరు దాటనివ్వరు. మాస్కుకు ఒక చిక్కు ఉంది. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్‌ల వల్ల కొన్ని వారాల్లో ముఖం ఉబ్బుతుంది, మొదటి వారం సరిపోయిన మాస్కు నాలుగో వారానికి బిగుతవుతుంది. మందు తగ్గించాక వదులవుతుంది. అప్పుడు కొత్త మాస్కు, కొత్త సీటీ, మళ్లీ లెక్క.

ప్రోటాన్ చికిత్సలో సీటీ అంకెల మీద భారం మరీ ఎక్కువ. ఎక్స్-కిరణం కణితిని దాటి బయటికి పోతుంది. ప్రోటాన్ మాత్రం ఒక లోతు దాకా వెళ్లి, అక్కడ శక్తిని కుమ్మరించి ఆగుతుంది. ఆ లోతును సీటీ అంకెల నుంచే లెక్కిస్తారు. ఆ మార్పిడిలో సుమారు 3 శాతం అనిశ్చితి ఉంటుందని లెక్కలోకి తీసుకుంటారు. అంటే 10 సెంటీమీటర్ల లోతులో ఆగాల్సిన కిరణం 3 మిల్లీమీటర్లు అటో ఇటో ఆగవచ్చు. ఆ చోట మెదడు కాండం ఉంటే 3 మిల్లీమీటర్లు చిన్న సంగతి కాదు. రెండు శక్తుల్లో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీ ఈ అనిశ్చితిని కొంత తగ్గిస్తోంది. దేశంలో చెన్నైలోని అపోలో ప్రోటాన్ కేంద్రం 2019లో మొదలైంది. తెలుగు రాష్ట్రాలకు ఇదే దగ్గర.

ఎంఆర్‌ఐ చూపేది, చూపనిది

ఎంఆర్‌ఐ ఒకే బొమ్మ కాదు. ఒకే మెదడును వేర్వేరు అమరికల్లో తీసిన బొమ్మల కట్ట అది. ప్రణాళికలో ప్రధానంగా రెండింటిని వాడతారు. మొదటిది గాడోలినియం ఎక్కించి తీసే టీ1. రెండోది ఫ్లెయిర్, జఠరికల్లోని నీటి మెరుపును అణచి, కణజాలంలో చేరిన అదనపు నీటిని తెల్లగా చూపుతుంది.

టీ1లో కణితి తెల్లగా వెలుగుతుంది. ఆ వెలుగు కణితి కణాలది అనుకోవడం తేలికే గానీ, అది పొరపాటు. మామూలు మెదడు రక్తనాళాల గోడలు గాడోలినియాన్ని బయటికి పోనివ్వవు. రక్తానికీ మెదడుకూ మధ్య ఆ అడ్డుగోడ ఉంది. తీవ్రమైన కణితులు హడావుడిగా మొలిపించుకున్న నాళాల గోడలకు చిల్లులుంటాయి కనుక మందు కారుతుంది, అక్కడ తెల్లబడుతుంది. అంటే టీ1 చూపుతున్నది గోడ పగిలిన చోటును. గోడ చెక్కుచెదరని చోట కూడా కణితి కణాలు హాయిగా బతుకుతాయి. అలాగే కణితి లేకపోయినా శస్త్రచికిత్స గాయం వల్లో, గత రేడియేషన్ దెబ్బ వల్లో గోడ పగిలితే అదీ వెలుగుతుంది.

ఫ్లెయిర్ తెలుపుకీ ఇలాంటి తిరకాసే ఉంది. నీరు చేరిన చోటల్లా తెల్లగా కనబడుతుంది. అది వట్టి వాపు కావచ్చు, కణితి కణాలు చొరబడిన కణజాలం కావచ్చు, సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి. 1987లో మేయో క్లినిక్‌లో ప్యాట్రిక్ కెలీ బృందం బొమ్మల్లో గుర్తుపెట్టుకున్న చోట్ల నుంచి సూదితో ముక్కలు తీసి సూక్ష్మదర్శినిలో చూసింది. కాంట్రాస్టుతో వెలిగే అంచుకు బయట, ఎంఆర్‌ఐలో నీటి తెలుపు ఉన్న చోట విడివిడి కణితి కణాలు కనిపించాయి. గోడకు ఎక్కిన చెమ్మ మరక కనబడినంత మేరతో ఆగనట్టే, గ్లియోమా కూడా బొమ్మలో కనబడే అంచు దగ్గర ఆగదు.

శస్త్రచికిత్స తర్వాత ఎంఆర్‌ఐ తీసే సమయానికి కూడా పట్టింపు ఉంది. ఎంత కణితి మిగిలిందో చూడాలంటే 72 గంటల్లోపు తీయాలి. ఆలస్యమైతే గాయం మానే క్రమంలోని వెలుగు మిగిలిన కణితిలా కనబడి తికమక పెడుతుంది. ఆ స్కానును ప్రణాళికకు వాడితే ఇంకో ఇబ్బంది. కణితి తీసేసిన ఖాళీ వారాల్లో కుంచించుకుంటుంది, పక్కకు నెట్టుకుపోయిన మెదడు మెల్లగా వెనక్కి వస్తుంది. అందుకే రేడియేషన్‌కు ముందు, వీలైతే రెండు వారాల్లోపు, ఇంకో ఎంఆర్‌ఐ అవసరం. మన రోగుల్లో చాలామంది శస్త్రచికిత్స ఒక ఊళ్లో, స్కాను ఇంకో ఊళ్లో చేయించుకుని ఫిల్ముల కవరు పట్టుకుని రేడియేషన్ కేంద్రానికి వస్తారు. ప్రణాళికకు ఫిల్ము పనికిరాదు. డిజిటల్ ఫైళ్లున్న సీడీ కావాలి, అదీ సన్నని ముక్కలతో తీసినదై ఉండాలి. 5 మిల్లీమీటర్ల మందపు ముక్కలతో తీసిన మామూలు స్కాను జబ్బును గుర్తించడానికి చాలు, గీత గీయడానికి చాలదు. మళ్లీ స్కాను అంటే కుటుంబానికి మళ్లీ ఖర్చు. ఎందుకో విడమరచి చెప్పే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు.

రెండు బొమ్మల్ని ఒకటి చేయడం

సీటీ మీద మోతాదు లెక్క, ఎంఆర్‌ఐ మీద కణితి. రెండూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు బల్లల మీద, తల వేర్వేరు వాలులో ఉండగా తీసినవి. వీటిని ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చడాన్ని ఫ్యూజన్ అంటారు. పుర్రె సాగదు, వంగదు కాబట్టి మెదడు బొమ్మలకు ఈ పని తక్కిన అవయవాలకన్నా సులువు. మూడు దిశల్లో జరపడం, మూడు దిశల్లో తిప్పడం చాలు. సీటీలో తెల్లనిది ఎంఆర్‌ఐలో నల్లగా ఉన్నా పొంతన కనిపెట్టే గణిత పద్ధతి 1990ల మధ్యలో వచ్చింది. రెండు బొమ్మల రంగులు ఒకేలా ఉన్నాయా అని చూడకుండా, ఒకదాని నుంచి రెండోదాన్ని ఎంత బాగా ఊహించగలమో కొలుస్తుంది ఆ పద్ధతి. నేటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ కూర్చిపెట్టాక మనిషి కన్ను తప్పనిసరి. జఠరికల అంచులు, రెండు అర్ధగోళాల మధ్య పొర, కళ్లు, పుర్రె అడుగు ఎముకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయో లేదో సరిచూస్తారు. ఎంఆర్‌ఐకి తనదైన వంకర కూడా ఉంది. అయస్కాంత క్షేత్రం బొమ్మ నడుమ సమంగా ఉన్నా అంచులకు వెళ్లేకొద్దీ తేడా వస్తుంది, దాంతో బొమ్మ కొద్దిగా సాగినట్టు పడుతుంది. సరిదిద్దే సదుపాయం యంత్రంలోనే ఉంటుంది గానీ, అది ఆన్ చేసి ఉందో లేదో అడిగి తెలుసుకోవాల్సిన బాధ్యత ఫిజిసిస్టుది.

ఎంఆర్‌ఐ ఒక్కదానితోనే అంతా తేల్చేసి, దాని నుంచి కంప్యూటరు చేత సీటీ లాంటి బొమ్మను తయారుచేయించే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. ఫ్యూజన్ వల్ల వచ్చే పొరపాటు ఇందులో ఉండదు. ఎముక పలక తొలగించిన తలలు, టైటానియం ప్లేట్లు వేసిన తలలు ఎదురైనప్పుడు ఆ ఊహా సీటీని ఎంతవరకు నమ్మాలో ఆలోచించాల్సి వస్తుంది.

గీత

ప్రపంచమంతటా రేడియేషన్ వైద్యులు మూడు గీతల భాష మాట్లాడతారు. దాన్ని రేడియేషన్ కొలతల అంతర్జాతీయ సంఘం ఐసీఆర్‌యూ 1993లో తన 50వ నివేదికలో స్థిరపరిచింది. బొమ్మలో కంటికి కనబడే కణితి జీటీవీ. కనబడకపోయినా కణాలు వ్యాపించి ఉంటాయనుకునే మేర కలిపితే సీటీవీ. రోజూ పడుకోబెట్టడంలో వచ్చే తేడాలకు చోటిచ్చి బయట గీసేది పీటీవీ. మొదటిది బొమ్మ నుంచి వస్తుంది, మూడోది ఆ కేంద్రం యంత్రాలనూ అలవాట్లనూ కొలిస్తే వస్తుంది. తలకు సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు. రెండోది మాత్రం ఏ బొమ్మలోనూ లేదు. అది వైద్యుల ఉమ్మడి అనుభవం నుంచి వచ్చిన అంచనా.

పెద్దవారిలో వచ్చే తీవ్ర కణితి గ్లియోబ్లాస్టోమాలో ఈ అంచనా కథ చెప్పుకోదగ్గది. 1980లో హాక్‌బర్గ్, ప్రూయిట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు సీటీ స్కానులను, శవపరీక్షల ఫలితాలను పోల్చి చూశారు. తిరగబెట్టిన కణితుల్లో అత్యధిక భాగం మొదటి కణితి అంచుకు 2 సెంటీమీటర్లలోపే ఉన్నాయి. మొత్తం మెదడుకు రేడియేషన్ ఇవ్వాలన్న అలవాటు అక్కడి నుంచి సడలింది. 2 సెంటీమీటర్ల అంకె మాత్రం స్థిరపడిపోయింది. తొలితరం సీటీ బొమ్మల మీద పుట్టిన అంకె ఎంఆర్‌ఐ వచ్చాక కూడా నలభై ఏళ్లు నిలబడటం విచిత్రమే.

ఆ అంకెను ఎక్కడి నుంచి కొలవాలన్న దాంట్లో అమెరికా, యూరప్ దారులు వేరయ్యాయి. అమెరికా ఆర్‌టీఓజీ పద్ధతిలో ముందు ఫ్లెయిర్ వాపు మొత్తానికి 2 సెంటీమీటర్లు కలిపి 46 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), తర్వాత కాంట్రాస్టుతో వెలిగే భాగం, శస్త్రచికిత్స ఖాళీల చుట్టూ కుదించిన మేరకు 60 గ్రే దాకా ఇస్తారు. యూరప్ ఈఓఆర్‌టీసీ పద్ధతి వాపును ప్రత్యేకంగా పట్టించుకోదు; ఖాళీకీ మిగిలిన వెలుగుకూ 2 సెంటీమీటర్లు కలిపి ఒకే విడతగా 60 గ్రే. ఒకే రోగికి ఈ రెండు పద్ధతుల్లో గీస్తే మొదటిదానిలో చాలా ఎక్కువ మెదడు లోపలికి వస్తుంది. అయినా ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, రెండింటిలోనూ కణితి ఎక్కువగా మొదటి చోటే, అదీ పూర్తి మోతాదు పడిన చోటే, తిరగబెడుతోంది. అంటే గీత చిన్నదై గురి తప్పడం వల్ల కాదు, పూర్తి మోతాదుకూ కణాలు లొంగకపోవడం వల్ల. ఈ గమనిక నుంచే గీతను తగ్గించే ధైర్యం వచ్చింది. 2023లో యూరప్ సంఘాలు ఎస్ట్రో, ఈయానో విడుదల చేసిన మార్గదర్శకం దాన్ని 15 మిల్లీమీటర్లకు తగ్గించింది.

అర సెంటీమీటరు తగ్గితే ఏమవుతుందో లెక్క వేసి చూడొచ్చు. 4 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి కణితి ఘనపరిమాణం సుమారు 34 ఘన సెంటీమీటర్లు. చుట్టూ 2 సెంటీమీటర్లు కలిపితే 268 అవుతుంది. ఒకటిన్నర కలిపితే 180. అర సెంటీమీటరుతో పూర్తి మోతాదు పడే మెదడు మూడో వంతు తగ్గింది. గీత పెన్సిలు మందం ఇటు జరిగినా రోగి జ్ఞాపకశక్తి మీద దాని లెక్క పడుతుందని వైద్య విద్యార్థులకు ఈ ఒక్క గుణకారంతో చెప్పవచ్చు.

సీటీవీని నలువైపులా ఒకేలా పెంచరు. గ్లియోమా కణాలు పుర్రె ఎముకను, అర్ధగోళాల మధ్య పొరను, చిన్నమెదడు పైకప్పు పొరను సాధారణంగా దాటవు. అక్కడ గీతను ఆపేస్తారు. తెల్ల పదార్థపు నాడీ దారుల వెంట మాత్రం అవి దూరం పాకుతాయి. కుడి ఎడమ మెదళ్లను కలిపే కార్పస్ కలోసమ్ మీదుగా అవతలికి వెళ్లిన కణితి బొమ్మలో సీతాకోకచిలుక ఆకారం దాలుస్తుంది. నీటి అణువులు ఏ దిశలో కదులుతున్నాయో చూసే డిఫ్యూజన్ టెన్సర్ ఎంఆర్‌ఐ ఈ దారులను గీసి చూపగలదు. దాన్ని గీతలో రోజువారీగా ఎలా వాడాలన్నది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

2005లో వెలువడిన స్టప్ పరీక్ష గ్లియోబ్లాస్టోమాకు 60 గ్రేను 30 భాగాలుగా, ఆరు వారాల్లో, టెమొజొలొమైడ్ మాత్రలతో కలిపి ఇవ్వడాన్ని ప్రామాణికం చేసింది. మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి చేరారు.

కణితిని బట్టి బొమ్మ

తక్కువ తీవ్రత గ్లియోమాల్లో చాలావాటికి కాంట్రాస్టు వెలుగు ఉండదు, ఫ్లెయిరే దిక్కు. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమాలో కథ తిరగబడుతుంది. కణితి బాగా వెలుగుతుంది గానీ, పుర్రె అడుగున ఎముకలోకి పాకినప్పుడు ఎంఆర్‌ఐ తడబడుతుంది; మందంగా మారిన ఎముకను సీటీ పట్టిస్తుంది. మెనింజియోమా కణాల మీద సొమాటోస్టాటిన్ గ్రాహకాలుంటాయి కనుక గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాను కణితినీ శస్త్రచికిత్స మచ్చనూ వేరుచేయగలదు. పక్కనే ఉన్న పీయూష గ్రంథి కూడా అదే మందును పీల్చుకుని వెలుగుతుందని మాత్రం మరవకూడదు.

పిల్లల్లో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా వెన్ను ద్రవంలో కొట్టుకుపోయి వ్యాపిస్తుంది కనుక మెదడంతటికీ, వెన్నుపాము మొత్తానికీ రేడియేషన్ ఇస్తారు. ఇక్కడ ఒక చిన్న ఎముక చరిత్రలో చాలా నష్టం చేసింది. ముక్కు పైన, కళ్ల నడుమ జల్లెడలాంటి పలుచని ఎముక ఉంటుంది. మెదడు పొరలు అక్కడ కిందికి దిగుతాయి. కళ్లను కాపాడబోయి గీతను కాస్త పైకి జరిపితే ఆ మూల వదిలిపోతుంది, జబ్బు అక్కడే తిరగబెడుతుంది. ఎంఆర్‌ఐలో ఆ పలుచని ఎముకను వెతకడం కష్టం, సన్నని ముక్కల సీటీలో సులువుగా దొరుకుతుంది.

ఇతర అవయవాల నుంచి మెదడుకు పాకిన కణితులు గుండ్రంగా, అంచు తీరుగా ఉంటాయి. సీటీవీ దాదాపు అక్కర్లేదు. వీటికే రేడియోసర్జరీ బాగా నప్పుతుంది. స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ప్రతిపాదించిన ఈ పద్ధతికి తొలి గామా నైఫ్ యంత్రం 1968లో స్టాక్‌హోంలో పనిచేయడం మొదలుపెట్టింది. ఒక్కసారే పెద్ద మోతాదు ఇవ్వడం ఇందులోని కిటుకు. అమెరికాలో ఇదివరకే రేడియేషన్ తీసుకున్న రోగుల మీద జరిగిన పరీక్ష తట్టుకోగల మోతాదులను వ్యాసాన్ని బట్టి తేల్చింది: 20 మిల్లీమీటర్ల వరకు 24 గ్రే, 21 నుంచి 30 వరకు 18, 31 నుంచి 40 వరకు 15. స్కానులో ఒక్క మిల్లీమీటరు కొలత మారితే మోతాదు 6 గ్రే మారే చోటు ఇది. అందుకే పాత స్కానుతో రేడియోసర్జరీ చేయరు. రెండు మూడు వారాల్లో ఈ కణితులు పెరుగుతాయి, కొత్తవీ పుడతాయి.

కాపాడాల్సినవి

కణితి చుట్టూ గీసిన వైద్యుడు దాదాపు అంతే సమయం ఇతర అవయవాలను గీయడానికి వెచ్చిస్తాడు. దృష్టి నాడులు, అవి కలిసే కయాజం, మెదడు కాండం 54 గ్రే దాటకూడదన్నది సాధారణ కట్టుబాటు. కళ్ల కటకాలు, లోపలి చెవి, పీయూష గ్రంథి, హిప్పోక్యాంపస్ కూడా జాబితాలో ఉంటాయి. కయాజం మందం కొన్ని మిల్లీమీటర్లే. సీటీలో దాదాపు కనబడదు, ఎంఆర్‌ఐలో పీయూష గ్రంథికి పైన వెతికి పట్టుకోవాలి. 60 గ్రే కావాల్సిన కణితి కయాజానికి ఆనుకుని ఉంటే రెండు కోరికలూ తీరవు. ఆ చోట కణితికి మోతాదు తగ్గించాల్సిందే. చూపు పోతే తిరిగి రాదు.

ఈ విషయంలో మన దేశంలోనే గట్టి ఆధారం పుట్టింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో రాకేశ్ జలాలీ బృందం 3 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 200 మందిని రెండు జట్లుగా చేసింది. అందరికీ నెమ్మదిగా పెరిగే కణితులే, అందరికీ 54 గ్రే 30 భాగాల్లోనే. తేడా ఒక్కటే: ఒక జట్టుకు మామూలు పద్ధతి, రెండోదానికి బొమ్మల ఆధారంగా బిగుతుగా గీసిన స్టీరియోటాక్టిక్ పద్ధతి. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, అయిదేళ్ల తర్వాత బతికినవారి నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కొత్తగా హార్మోన్ల లోపం వచ్చినవారు మామూలు జట్టులో 51 శాతం, బిగుతు గీత జట్టులో 31 శాతం. తెలివితేటల పరీక్షల్లో కూడా రెండో జట్టే మెరుగు. ఎడమ టెంపోరల్ లోబ్‌లో 13 శాతానికి మించిన భాగానికి 43.2 గ్రే, ఆపైన పడిన పిల్లల్లో తెలివి పరీక్షల మార్కులు పడిపోయాయని అదే బృందం అంతకుముందే చూపింది. బడికి వెళ్లే పిల్లవాడికి ఈ అంకెలు బతుకంత విలువైనవి.

మొత్తం మెదడుకు రేడియేషన్ తప్పనప్పుడు కూడా హిప్పోక్యాంపస్‌ను ఎంఆర్‌ఐలో గీసి, చుట్టూ 5 మిల్లీమీటర్లు వదిలి, అక్కడ మోతాదు తగ్గిస్తే జ్ఞాపకశక్తి మెరుగ్గా నిలుస్తుందని 2020లో ప్రచురితమైన 518 మంది అమెరికా పరీక్ష రుజువు చేసింది.

పెట్, తక్కిన సాయాలు

శరీరంలో ఇతర చోట్ల క్యాన్సరును పట్టే చక్కెర పెట్, అంటే ఎఫ్‌డీజీ, మెదడులో అంతగా అక్కరకు రాదు. ఆరోగ్యంగా ఉన్న బూడిద పదార్థం కూడా చక్కెరను దండిగా లాగుతుంది, కణితి అందులో కలిసిపోతుంది. అమైనో ఆమ్లాల మందులు దీనికి మేలు. కార్బన్-11 మెథియోనిన్ సగం ఆయువు 20 నిమిషాలే కనుక సైక్లోట్రాన్ ఆ ఆవరణలోనే ఉండాలి. ఫ్లోరిన్-18తో చేసే ఎఫ్ఈటీ సగం ఆయువు 110 నిమిషాలు. ఇవి కాంట్రాస్టు వెలుగు లేని చోట కూడా చురుకైన కణితిని చూపగలవు. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ కోలీన్ పెరగడాన్ని, నాడీకణాల గుర్తు ఎన్ఏఏ తగ్గడాన్ని చూపుతుంది. పెర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ రక్తప్రవాహం ఎక్కడ పెరిగిందో చూపుతుంది.

మెరుగైన బొమ్మ ఉంటే మెరుగైన ఫలితం వచ్చి తీరుతుందని అనుకోవడానికి మాత్రం లేదు. జర్మనీలో గ్లియా పేరుతో జరిగిన పరీక్షలో, తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాకు రెండోసారి రేడియేషన్ ఇస్తూ ఒక జట్టుకు ఎఫ్ఈటీ పెట్ ఆధారంగా, ఇంకో జట్టుకు కాంట్రాస్టు ఎంఆర్‌ఐ ఆధారంగా గీశారు. రెండు జట్లకూ 39 గ్రే, 13 భాగాల్లో. కణితి మళ్లీ పెరగడానికి పట్టిన కాలంలో తేడా రాలేదు.

కంప్యూటరు గీసే గీతలు వేగంగా వస్తున్నాయి. మెదడు కణితులను కంప్యూటరు చేత గీయించే బ్రాట్స్ పోటీ 2012లో మొదలైంది; అదీ, 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పుట్టిన యూ-నెట్ అల్గారిథమ్ ఇందుకు ఊపునిచ్చాయి. మెదడు కాండం, కళ్లు వంటివాటిని కంప్యూటరు గీసి ఇస్తే వైద్యుడు దిద్దుకుంటే చాలు. గంటల పని నిమిషాలకు దిగింది. వెలిగే భాగాన్నీ బాగానే గీస్తోంది. సీటీవీ దగ్గర మాత్రం దానికి నేర్పేందుకు సరైన జవాబంటూ లేదు, మునుపటి వైద్యుల అలవాట్లే ఉన్నాయి.

చికిత్స సాగేటప్పుడు, ముగిశాక

చికిత్స బల్ల మీద రోజూ తీసే కోన్ బీమ్ సీటీలో పుర్రె కనబడుతుంది, కణితి కనబడదు. ఎముకను ప్రణాళికలోని ఎముకతో సరిపెట్టి, లోపలిది అలాగే ఉందని నమ్ముతారు. ఆరు వారాల్లో ఆ నమ్మకం కొందరిలో చెల్లదు. ఖాళీ కుంచించుకుంటుంది, కొందరిలో కణితే పెరుగుతుంది. ఎంఆర్‌ఐనీ యాక్సిలరేటర్‌నూ కలిపిన ఎంఆర్-లినాక్ ఇక్కడ కొత్త దారి తెరిచింది. టొరంటోలోని సన్నీబ్రూక్ ఆసుపత్రి రెండో దశ పరీక్షలో వారం వారం ఎంఆర్‌ఐ చూసి గీత మారుస్తూ సీటీవీ కోసం 5 మిల్లీమీటర్లే కలిపారు.

చికిత్స ముగిసిన తొలి మూడు నెలల్లో ఇంకో చిక్కు ఎదురవుతుంది. స్కానులో వెలుగు పెరుగుతుంది, కుటుంబం బెంబేలెత్తుతుంది. కొన్ని వారాల తర్వాత ఏ కొత్త మందూ లేకుండా అదే తగ్గుతుంది. రేడియేషన్, టెమొజొలొమైడ్‌ల దెబ్బకు నాళాల గోడలు ఇంకా కారడం వల్ల వచ్చే ఈ దొంగ పెరుగుదలను సూడోప్రోగ్రెషన్ అంటారు. బెవాసిజుమాబ్ మందుతో దీనికి విరుద్ధం జరుగుతుంది: గోడలు బిగుసుకుని వెలుగు చప్పున తగ్గుతుంది, కణాలు మాత్రం అక్కడే ఉంటాయి. చికిత్సకు కణితి ఎలా స్పందించిందో తేల్చే 2010 నాటి రానో ప్రమాణాల ప్రకారం, రేడియేషన్ ముగిసిన 12 వారాల్లోపు కనబడే కొత్త వెలుగును జబ్బు ముదరడంగా లెక్కించాలంటే అది ప్రణాళికలోని 80 శాతం మోతాదు గీతకు బయట ఉండాలి, లేదా సూదితో తీసిన ముక్కలో కణితి రుజువవ్వాలి. 2023లో సవరించిన రానో 2.0 రేడియేషన్ తర్వాత తీసిన మొదటి ఎంఆర్‌ఐనే పోలికకు ఆధారంగా తీసుకోమంటుంది. ఏదైనా వెలుగు గీతకు లోపలో బయటో చెప్పాలంటే ఆ స్కాను చదివే రేడియాలజిస్టు ముందు మోతాదు పటం ఉండాలి. డిశ్చార్జి కాగితంలో మొత్తం గ్రేలు, భాగాల సంఖ్య రాసి ఉంటాయి; పటం చికిత్స చేసిన కేంద్రంలోని సర్వర్లోనే ఉండిపోతుంది. తర్వాతి స్కాన్లు వేరే ఊళ్లో తీయించుకునే రోగి బంధువులు ఎంఆర్‌ఐ సీడీతో పాటు ఆ పటం ఫైలును కూడా అడిగి తీసుకోవడం మంచిది.